ముషిణిగింజయు నాడీకణమును

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు బాటసారి దారిప్రక్క టేకును, మద్దిని, తునికిని గుర్తుపట్టును గాని ముషిణిచెట్టును సాధారణముగా గుర్తింపడు. అది గొప్ప కలపచెట్టు కాదు. ఆకు నునుపై మెఱయుచుండును. ఆకు మొదటినుండియే మూడో, అయిదో ఈనెలు చీలి పైకి పోవును. చలికాలమున నారింజపండ్లవంటి పండ్లు కాచి చూచువారికి నోరూరించును. కోతులును పక్షులును పైగుజ్జును తిని గింజను విడిచివేయును. ఆ గింజయే ముషిణిగింజ. చొక్కా బొత్తామువలె గుండ్రముగా, బిళ్లగా, బూడిదవన్నెతో, మీద పట్టువంటి నూగుతో నుండును. ముషిడి, ముష్టి, విషముష్టి యనియు దీనిని పిలుతురు. మన సంస్కృతవైద్యులు దీనికి కారస్కరమనియు, విషతిందుకమనియు, కుపీలువనియు పేళ్లు పెట్టిరి.

ఈ చెట్టునకు అదే యడవిలో నొక చెల్లెలు కలదు. దానిని చిల్లచెట్టందురు, ఇండుప యనియు, సంస్కృతమున కతకమనియు చెప్పుదురు. రెండును వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో ఒకే కుటుంబమునకు, ఒకే ప్రజాతికి చెందినవి. అయినను అక్కగింజ ప్రాణము తీయును; చెల్లెలిగింజ నీటిని తేర్చును. వఱదనాటి గోదావరి నీరు ఎఱ్ఱమట్టితో చిక్కగా నుండగా, చిల్లగింజను రాతిమీద అరగదీసి ఆ గంధమును కడవలో కలిపినచో కొంతసేపటికి మట్టి యడుగున దిగి నీరు తేరును. మనుస్మృతికారుడు సైతము ఈ కతకఫలమును దృష్టాంతముగా గైకొనెను. కోయలును కొండరెడ్లును ఈ రెండు గింజలను ఏఱి, కడిగి, ఎండబెట్టి సంతకు తెత్తురు. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ కొను అటవీఫలసాయములలో తపసిబంక, కుంకుడుకాయ, కరక్కాయలతో పాటు ముషిణిగింజయు, చిల్లగింజయు చేరియున్నవి.

శ్రోతలారా, నేటి నా ప్రసంగము చెట్లను గూర్చినది మాత్రము కాదు. మన వెన్నుపాములోను, మెదడులోను ఉన్న యొక్కొక్క నాడీకణము తనకు నలుదెసలనుండి వచ్చు వేలకొలది వార్తలను ఎట్లు గ్రహించునో, ఎట్లు లెక్కకట్టి నిర్ణయమునకు వచ్చునో, ఆ సంగతి లోకమునకు ఏ క్రమమున తెలియవచ్చినదో, ఆ చరిత్రను చెప్పదలచితిని. ఆ చరిత్రలో మన ముషిణిగింజకు గొప్ప పాత్ర కలదు. నేను తెలుగు పండితుడను. శరీరశాస్త్రము నా వృత్తి కాదు. కాని ముప్పది యేండ్లకు పైగా ఈ యడవిసరిహద్దు పాఠశాలలలో పాఠము చెప్పినవాడను. అక్కాచెల్లెండ్రగు ఈ రెండు చెట్లలో ఒకదాని కేల విషము గలిగెను, ఆ విషము చేయు పని యేమి యని పిల్లలు నన్నడిగిన దినములు కలవు. మొదటి ప్రశ్నకు ఉత్తరము చెప్పజాలను. రెండవదానికి ఉత్తరము పుస్తకములలో దొరకినది.

ఆ విషము చేయు పనిని నేను కన్నులార చూచితిని కూడ. సుమారు పాతికేండ్ల క్రిందట చర్ల దారిలోని యొక గ్రామమున నడివయసు రైతొకడు, మోకాళ్ల నొప్పికి మందని యెవరో చెప్పగా, శోధింపని గింజల పొడిని మ్రింగెను. గంట గడవకమునుపే మెడయు దవడయు బిగియ నారంభించెను. అతనికి స్పృహ యేమాత్రమును తప్పలేదు. నడుమ నడుమ మాటలాడుచునే యుండెను. కాని తలుపు చప్పుడైనను, ఎవరైన చేయి వేసినను, దేహమంతయు విల్లువలె వెనుకకు వంగి కొయ్యబాఱిపోవుచుండెను. పెదవులు సాగి ముఖము నవ్వుచున్నట్లుండెను. ఆ నవ్వును మరచుట కష్టము. బంధువులు బిగ్గరగా నేడ్చుచుండిరి. ఒకరు కాళ్లు మర్దించుచుండిరి. మఱొకరు దిష్టి తీయుచు పళ్లెము వాయించుచుండిరి. ప్రేమతో చేసిన ప్రతి పనియు అతనిని మఱొక్క మాఱు విల్లుగా వంచెను. వచ్చిన వైద్యుడు మొట్టమొదట చేసిన చికిత్స యేమనగా, అందఱిని వెలుపలికి పంపి, దీపము తగ్గించి, ఎవ్వరును ముట్టరాదు, పలుకరాదు అని శాసించుట. తరువాతనే సూదిమందు వేసి ఆసుపత్రికి తరలించెను. ఆ రైతు బ్రతికెను.

చిన్న చప్పుడునకు దేహమంత యేల బిగియవలెను? గింజలోని విషము కండరములకు లేని బలము నిచ్చుచున్నదా? లేక, ఉండవలసిన అడ్డు నేదైన తొలగించుచున్నదా? ఈ ప్రశ్నకు ఉత్తరము దొరకుటకు నూటయేబది యేండ్లు పట్టినది.

మొదటి యడుగు 1809లో ఫ్రాన్సుదేశమున పడినది. మజాండీ యను యువవైద్యుడు జావాద్వీపవాసులు బాణములకు పూయు విషముతో ప్రయోగములు చేసెను. ఆ విషము కూడ మన ముషిణి ప్రజాతికే చెందిన యొక తీగనుండి తీయబడునది. జంతువుయొక్క వెన్నుపామును మెదడునుండి వేఱుచేసినను బిగుపులు వచ్చుచునే యుండెను. వెన్నుపామునే ధ్వంసము చేసినచో అవి యాగిపోయెను. కాబట్టి విషము పనిచేయు తావు కండరము కాదు, మెదడు కాదు, వెన్నుపాము. ఒక విషము దేహమంతట కాక యొక నిశ్చితమైన స్థానమున పనిచేయునని ఇంత స్పష్టముగా చూపిన తొలి పరీక్షలలో నిది యొకటి. 1818లో పెల్త్యే, కవాంతూ అను నిరువురు ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞులు ఆ విషసారమును వేఱుచేసి స్ట్రిక్నైన్ అని పేరిడిరి. ఎండిన ముషిణిగింజలో ఇది నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు మాత్రమే యుండును. దాని చేదు మాత్రము ప్రసిద్ధము. లక్షల వంతుల నీటిలో కొద్ది వంతులు కలిసినను నాలుక పట్టుకొనును.

అటుపిమ్మట పాశ్చాత్యులకు ఈ గింజపై మోజు పుట్టెను. మదరాసు, కొచ్చిన్, కలకత్తా వంటి రేవులనుండి అది ఓడలకెక్కెను. ఎలుకలను చంపుటకు నదియే. మనుష్యులకు బలము కలుగుటకును నదియే. ఇనుము, క్వినైన్, స్ట్రిక్నైన్ కలిపిన యొక పానకమును ఈస్టను సిరప్ అను పేర మన దేశపు దొరల ఆసుపత్రులలో సైతము పోసిరి. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున జరిగిన ఒలింపిక్ పందెములలో థామస్ హిక్స్ అను పరుగువీరునికి దారిలో బ్రాందితో కలిపి స్ట్రిక్నైన్ ఇచ్చిరి. అతడు గెలిచెను గాని గమ్యమున దాదాపు కూలిపోయెను. మందు బలమిచ్చునని లోకము నమ్మిన కాలమది. ఆ నమ్మక మెంత తప్పో తెలియుటకు ముందు నాడీకణమనగా నేమో తెలియవలసి యుండెను.

నాడీకణము కంటికి చిక్కనిది. వేలకొలది కణములు ఒకదానిలో నొకటి అల్లుకొని యుండగా, ఏ కొమ్మ యే చెట్టుదో చెప్పుట యెట్లు? 1873లో ఇటలీదేశమున కామిల్లో గోల్జీ యను వైద్యుడు ఒక చిన్న ఆసుపత్రి వంటగదిని ప్రయోగశాలగా చేసికొని, వెండిలవణముతో కణములకు నల్లరంగు పట్టించు ఉపాయమును కనుగొనెను. ఆ రంగులో నొక విచిత్రము కలదు. అది అన్ని కణములకును పట్టదు. నూటికి కొన్నిటికి మాత్రమే పట్టును. పట్టినదానికి మాత్రము కొసకొమ్మ వఱకు పట్టును. కిన్నెరసాని యడవిలో చెట్లన్నియు మాయమై ఎక్కడనో యొక్క మద్దిచెట్టు మాత్రము వేళ్లతో, రెమ్మలతో సహా నిలిచినచో ఎట్లుండునో, అట్లు కణము కనబడెను. స్పెయిన్‌దేశీయుడగు రామోన్ ఈ కహాల్ 1887లో ఆ రంగును చూచి ముగ్ధుడై, మఱుసటి యేడే బార్సిలోనా నగరమున పక్షుల మెదళ్లను పరీక్షించి, ప్రతి నాడీకణమును వేఱువేఱు వ్యక్తియనియు, అవి వలవలె కలిసిపోయినవి కావనియు ప్రకటించెను. కొమ్మలమీద ముండ్లవంటి చిన్న మొలకలను కూడ అతడు చూచెను. గోల్జీ మాత్రము అవి యన్నియు నొక్క వలయే యని కడవఱకు వాదించెను. 1906లో నోబెల్ బహుమానమును ఇరువురకును కలిపి ఇచ్చిరి. బహుమానవేదికమీద సైతము గోల్జీ తన వాదమునే సమర్థించుకొనెను. పండితుల పట్టుదల అన్ని దేశములందును ఒక్కటే!

ఈ కణమునకు రెండు విధములైన పోగులు కలవు. ఒకటి దూరముగ సాగి వార్తను వెలుపలికి కొనిపోవునది. దానిని ఆక్సాన్ అందురు. రెండవది కణముచుట్టును కొమ్మలుగా పరచుకొని వార్తలను లోపలికి గ్రహించునది. గ్రీకుభాషలో చెట్టును డెండ్రాన్ అందురు గనుక, 1890 ప్రాంతమున జర్మనీ పండితుడు హిస్ ఈ కొమ్మలకు డెండ్రైటులని పేరుపెట్టెను. వార్త కొమ్మలలోనికి వచ్చి, కణమును చేరి, ఆక్సాన్ మార్గమున వెడలునని కహాల్ నిర్ణయించెను. ఒక కణముయొక్క ఆక్సాన్ కొన మఱొక కణముయొక్క కొమ్మను సమీపించు తావునకు 1897లో ఇంగ్లాండున షెరింగ్‌టన్ సైనాప్సు అని నామకరణము చేసెను. మనము దానిని నాడీసంధి యందుము. వ్యాకరణములో సంధి యనగా రెండు వర్ణములు కలిసిపోవుట. ఇచ్చట మాత్రము రెండును కలియవు, నడుమ సన్నని యెడము మిగులును. ఈ పేరు పెట్టినవారు ప్రకృతిభావమును తలచుకొని యుందురని నేను సమాధానపడుదును.

ఇక కొమ్మలు చేయు లెక్కను గూర్చి చెప్పవలెను. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాదహెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ప్రకటింతురు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగుల కెక్కెను. 2022 జూలైలో 71.3 అడుగుల కెక్కెను. 42 అడుగులవద్ద నది యెంత ఉఱికినను హెచ్చరిక లేదు. 43 వచ్చినదా, వెంటనే మ్రోగును. నాడీకణమును సరిగా నట్టిదే. విశ్రాంతిగా నున్నపుడు దాని లోపలి విద్యుత్తు వెలుపలికంటె సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువగా నుండును. సంధులలో వచ్చు వార్తలచేత ఆ కొఱత సుమారు 55 వఱకు తగ్గినచో, ఆక్సాన్ మొదటిభాగమున సంకేతము పుట్టి పరుగెత్తును. లేనిచో ఏమియు లేదు. ఒక్క సంధినుండి వచ్చు వార్త మిల్లీవోల్టులో ఒక చిన్న భాగమే. అదియు పది పదునైదు మిల్లీసెకండ్లలో తీసిపోవును. కాబట్టి ఒక్క వాగు పొంగినంతమాత్రమున భద్రాచలమున హెచ్చరిక లేనట్లే, ఒక్క సంధిచేత కణము కదలదు. పెక్కు వాగులు ఒక్కసారి పొంగవలెను, లేదా ఒక వాగే మాటిమాటికి పొంగవలెను.

ఏ వాగు ఎప్పుడు పొంగినదను క్రమము కూడ ముఖ్యము. కాళేశ్వరమువద్ద ప్రాణహిత గోదావరిలో చేరును. దిగువ ఇంద్రావతి చేరును. భద్రాచలమునకు సమీపమున తాలిపేరు చేరును. మొదట ప్రాణహిత పొంగి, ఆ నీరు దిగివచ్చుసరికి ఇంద్రావతి పొంగి, ఆ రెండును దిగివచ్చుసరికి తాలిపేరు పొంగినచో మూడును ఒక్కటై భద్రాచలమును ముంచును. వరుస తలక్రిందైనచో, తాలిపేరు నీరు సముద్రమునకు పోయిన తరువాత ప్రాణహిత నీరు వచ్చును. ఊరికి భయము లేదు. అమెరికాలో విల్‌ఫ్రిడ్ రాల్ అను శాస్త్రజ్ఞుడు 1959 మొదలుకొని, సముద్రగర్భమున పఱచిన తంతితీగలకై పూర్వము చేసిన గణితమును డెండ్రైటులకు అన్వయించి సరిగా నిదే చూపెను. కొమ్మకొన మీది వార్త కణమును చేరుసరికి సన్నగిల్లును, ఆలస్యమగును. 1964లో నతడు లెక్కకట్టి చెప్పినదేమనగా, కొననుండి మొదలువైపు వరుసగా వచ్చిన వార్తలు, మొదటినుండి కొనవైపు వచ్చిన అవే వార్తలకంటె కణమును ఎక్కువగా కదలించును. అంతవఱకు పెక్కుమంది శరీరశాస్త్రజ్ఞులు దూరపుకొమ్మలకు పెద్ద పనిలేదని తలంచుచుండిరి. రాల్ చెప్పిన వరుసభేదమును 2010లో లండనులో బ్రాంకో, క్లార్క్, హౌసర్ అనువారు జీవించియున్న కణపు కొమ్మలమీదనే పరీక్షించి నిజమని చూపిరి. ఏబది యేండ్ల యెడమైనను గణితము చెడలేదు.

అలంకారికులు ఉపమకు హద్దు కలదందురు. నా యుపమకును ఇచ్చట హద్దు వచ్చినది. ఏ వాగైనను గోదావరికి నీటిని చేర్చునదే గాని తీసివేయునది కాదు. నాడీకణపు సంధులలో మాత్రము రెండు జాతులు కలవు. ఒక జాతి "చేయుము" అనును. రెండవ జాతి "వలదు" అనును. ఈ రెండవ జాతిని నిర్ధారణ చేయుటలోనే ముషిణిగింజ సాక్ష్యము చెప్పినది.

మోచేయి మడచునపుడు ముందరి కండరము ముడుచుకొనును. వెనుకటి కండరము సడలును. సడలుట యనగా ఊరక పని మానుట యని మనకు తోచును. షెరింగ్‌టన్ అట్లు కాదనెను. ఒక కండరమునకు "ముడుచుకొనుము" అను వార్త పోవునపుడే, దాని ప్రత్యర్థిని నడపు నాడీకణమునకు "ఆగుము" అను వార్త వెన్నుపాములో పోవునని ఆయన చూపెను. ఆగుట కూడ నొక పనియే. అది మొదలిడినవారు కలరు, చేయించుచున్నవారు కలరు. ఇరువదవ శతాబ్దారంభమున ఆయన ప్రయోగములలో జంతువునకు స్ట్రిక్నైన్ ఇచ్చి, కండరమును సడలించు నాడినే కదలించెను. కండరము సడలుటకు మాఱు బిగిసెను! ధనుర్వాతవిషముతోను అట్లే జరిగెను. 1906లో వెలువడిన ఆయన గ్రంథములో ఈ ప్రయోగములకు గొప్ప స్థానము దొరకెను. చర్ల దారిలోని రైతుకు జరిగినది నాకు ఇది చదివిన పిమ్మట బోధపడెను. వెనుకకు వంచు కండరములును, ముందుకు వంచు కండరములును ఒక్కసారిగా బిగియగా, బలమైన వీపుకండరములు గెలిచి దేహము విల్లగును. ఊపిరిని నడపు కండరములును బిగిసియుండును గనుక ప్రాణము పోవునది ఊపిరి యాడకయే.

అయినను ఈ "వలదు" అను వార్త యే రూపమున వచ్చును? షెరింగ్‌టన్ శిష్యుడు జాన్ ఎకిల్స్ అది కేవల విద్యుత్తే యని చిరకాలము వాదించెను. 1951లో న్యూజీలాండులోని డునెడిన్ నగరమున ఆయనయు, బ్రాక్, కూంబ్స్ అను సహచరులును, వెండ్రుకకంటె ఎంతయో సన్నమైన గాజుగొట్టమును పిల్లియొక్క వెన్నుపాములోని యొకే యొక నాడీకణమున గ్రుచ్చి లోపలి విద్యుత్తును కొలిచిరి. "ఆగుము" అను వార్త వచ్చినపుడు కణపు విద్యుత్తు హద్దువైపు పోవుటకు మాఱు, హద్దునకు మఱింత దూరముగా దిగజాఱెను. ఎకిల్స్ వాదము ప్రకారము అది పైకి పోవలసి యుండెను. ఆయన వెంటనే తన వాదమును విడిచి, సంధిలో రసాయనద్రవ్యమే వార్తాహరమని యంగీకరించెను. గోల్జీని చెప్పిన నోటితో దీనిని కూడ చెప్పుట న్యాయము. కొలది కాలమునకే ఆయన బృందము స్ట్రిక్నైన్‌ను పరీక్షించెను. "చేయుము" అను వార్త లేశమును మాఱలేదు. "వలదు" అను వార్త మాత్రము కృశించిపోయెను. బలమిచ్చు మందన్న నమ్మకము అచ్చట ముగిసినది. ఆ గింజ ఎవ్వరికిని బలము నీయదు; కావలివానిని ప్రక్కకు తొలగించును. ఎకిల్స్‌కు 1963లో నోబెల్ బహుమానము వచ్చెను.

కావలివాని పేరు తరువాత తెలిసినది. 1965 ప్రాంతమున అమెరికాలో ఆప్రిసన్, వెర్మన్ అనువారు వెన్నుపాములో గ్లైసీన్ అను చిన్న ద్రవ్యము "వలదు" అను వార్తను మోయుచున్నదని సూచించిరి. ఆస్ట్రేలియాలో కర్టిస్ బృందము 1960ల చివర దానిని కణములమీద పరీక్షించి, గ్లైసీన్ చేయు పనిని స్ట్రిక్నైన్ అడ్డుకొనుచున్నదని చూపెను. గ్లైసీన్ వచ్చి తాకినపుడు కణపు గోడలో నొక చిన్న ద్వారము తెఱచుకొనును. దానిగుండ క్లోరైడు పోవును. ఆ తావున "చేయుము" అను వార్తల బలము లీనమైపోవును. ఇట్టి సంధులు చాలవఱకు కణపుదేహముమీదను, కొమ్మల మొదళ్లయందును ఉండుట యోచింపదగినది. కొనలనుండి యెన్ని వార్తలు వచ్చినను అవి మొదటిమీదుగానే పోవలెను గదా! ఊరికి ప్రవేశించు వంతెనమీద కావలి యుంచినట్లు ప్రకృతి యేర్పఱచినది. స్ట్రిక్నైన్ ఆ ద్వారమునే పట్టుకొని తెఱవనీయదు. ఆ పట్టు ఎంత గట్టిదనగా, 1982లో జర్మనీలో హైన్రిష్ బెట్స్ బృందము స్ట్రిక్నైన్‌నే ఎరగా చేసి, గ్లైసీన్ ద్వారపు మాంసకృత్తును తక్కిన వానినుండి వేఱుచేసి పైకి లాగిరి.

ధనుర్వాతమునకు వత్తము. సుశ్రుతుడు ధనుస్తంభమని వర్ణించిన వ్యాధి ఇదియే కావచ్చునని వైద్యులందురు. గాయములో చేరిన క్రిమి పుట్టించు విషము నాడిని పట్టుకొని వెన్నుపామున కెగబ్రాకి, "వలదు" అను కణము గ్లైసీన్‌ను విడువకుండ చేయును. ముషిణి ద్వారమును మూయును. ధనుర్వాతము వార్తాహరునే కదలనీయదు. ఫలము ఒక్కటే. 1992లో ఇటలీదేశమున మోంటెకుక్కో బృందము ఆ విషము కణములోని యే మాంసకృత్తును కత్తిరించునో కనుగొనెను. ఏజెన్సీ గ్రామములలో బొడ్డుకోసిన కత్తి కారణముగా పసికందులు ఏడెనిమిది దినములకే బిగిసి చనిపోవుట పూర్వము తల్లులెఱిగిన దుఃఖము. గర్భిణులకు టీకా, శుభ్రమైన ప్రసవము అను రెండు పనులచేత అది తగ్గి, మన దేశమున తల్లులకు, నవజాతశిశువులకు వచ్చు ధనుర్వాతము నిర్మూలితమైనట్లు 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపఱచెను. నిర్మూలన మనగా క్రిమి పోయినదని కాదు. టీకా మానినచో అది మఱల వచ్చును.

మన వైద్యుల శోధనమును గూర్చి ఒక్క మాట. ఆయుర్వేదమున కుపీలువును గోమూత్రమున నానబెట్టి, పాలలో నుడికించి, పైతొక్కయు మొలకయు తీసి, నేతిలో వేచి మందులలో చేర్తురు. అట్లు చేయుటచేత స్ట్రిక్నైన్ పాలు తగ్గునని నేటి రసాయనపరీక్షలును చెప్పుచున్నవి. తగ్గుననగా పోవునని యర్థము కాదు. ఇది గురుముఖమున నేర్చినవారు చేయవలసిన పని. పొరుగింటివారి మాట విని రోటిలో దంచుకొనవలసినది కాదు. ఎవరైన మ్రింగిరని తెలిసినచో కేకలు వేయక, మర్దనలు చేయక, వాంతి చేయింప యత్నింపక, వెలుతురు తగ్గించి, చప్పుడు లేకుండ, వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్పవలెను.

డెండ్రైటుల కథ యింకను సాగుచున్నది. 1994లో జర్మనీలో స్టువర్ట్, సాక్‌మన్ అనువారు సంకేతము ఆక్సాన్ వెంట ముందుకు పోవుటయే కాక, కొమ్మలలోనికి వెనుకకును పాఱునని చూపిరి. కొమ్మ తాను పుచ్చుకొన్న వార్తకు ఫలితమేమైనదో తెలిసికొనుచున్నదని దాని భావము. 2020లో మానవుల మెదడుకణపు కొమ్మలలోనే, ఒక వార్త వచ్చినచో పలికి, రెండును కలిసి బలముగా వచ్చినచో మౌనము వహించు ఒక విధమైన విద్యుత్స్పందనమును చూచిరి. గోదావరి యుపమకు ఇది బొత్తిగా లొంగదు.

ముషిణి తినకయే ముషిణిబాధ పడు శిశువులును కొందరు కలరు. 1993లో శాస్త్రజ్ఞులు గ్లైసీన్ ద్వారమునకు చెందిన జన్యువులో పుట్టుకతో వచ్చిన లోపమును కనుగొనిరి. అట్టి శిశువు ముక్కుమీద వ్రేలు తట్టినను, చెంత చప్పట్లు చఱచినను ఉలికిపడి కొయ్యబాఱును, ఊపిరి నిలుచును. మూర్ఛయనియు, గాలిసోకుడనియు పొరబడుట సులభము. దీనికి మందులు కలవు. మందు చేతికందులోపల తల్లి చేయదగినది కూడ నొకటి కలదు. బిడ్డ తలను ఱొమ్మువైపునకును, కాళ్లను కడుపువైపునకును మెల్లగా వంచి పట్టుకొన్నచో ఆ బిగుపు వదలి ఊపిరి తిరిగివచ్చును.